ఠ లో చుక్క

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇంట్లో అందరం బాగున్నామని మొదటే రాయకపోతే మిగతా ఉత్తరం చదవకుండానే కంగారుపడతావు కనక రాస్తున్నాను. బాగున్నాం. నువ్వూ, నీ ఓడా బాగున్నారని తలుస్తాను. బాగుండటం వేరు, మనశ్శాంతిగా ఉండటం వేరు. ఆ రెండోది మాత్రం నన్ను అడగకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నాన్న మోకాళ్లు అలాగే ఉన్నాయి. డాక్టరు నడవమంటే కూర్చుంటారు, కూర్చోమంటే నడుస్తారు. రిటైరయి ఇన్నేళ్లయినా జేబులో సుద్దముక్క లేనిదే గడప దాటరు. అది ఉతుకుల్లో నానిపోయి మొన్న కూడా నా నల్లచీరంతా పాడుచేసింది. వంటింటి కప్పు ఇంకా కారుతోంది. బాగుచేస్తానన్న మేస్త్రీ వచ్చి, పైకి చూసి, "కారుతోందమ్మా" అని చెప్పి వెళ్లాడు. ఆ సంగతి నాకు తెలియకే పిలిచాను మరి. బడి మూతపడ్డాక యూనిఫారాలు లేవు కదా, కుట్టుషాపు ఎలా నడుస్తోందని అడిగావు. కొత్తవి కుట్టడం తగ్గింది, పాతవి వదులు చేయడం పెరిగింది. వచ్చేవాళ్లలో సగంమంది మనతో చదివినవాళ్లే.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "ఆ పూర్వ విద్యార్థుల సంఘం తలనొప్పి నీకెందుకక్కా?" అన్నావు. నేనూ రోజూ అదే అనుకుంటున్నాను. ఎవరూ ఫోన్ ఎత్తనప్పుడు నేను ఎత్తేదాన్ని. అందుకని నన్ను కార్యదర్శిని చేశారు. అధ్యక్షుడేమో మన పళ్ల డాక్టరు. అందరి నోళ్లూ తెరిపించడం ఆయన వృత్తి, తన నోరు మూయకపోవడం ఆయన ప్రవృత్తి. ఒకసారి చేతికొస్తే వదలడని అందరూ ఆయన్ని "మైకు" అంటున్నారు. ఆయనకి ఆ పేరు తెలుసు, పైగా సంతోషం కూడాను.

మన బడి ఇప్పుడు ఇళ్లు కట్టుకునే సామాన్ల గోడౌను. నువ్వు చూడలేదు కదూ. ఎనిమిదో తరగతి గదిలో సిమెంటు బస్తాలు, సైన్సు గదిలో ఇనుప చువ్వలు. మన పదో తరగతి గదిలో ఏమున్నాయో తెలుసా, పారలు. గోడకి వరసగా ఆనించి పెట్టారు. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన బడి బోర్డు రాసినవాడు అన్నంతపనీ చేశాడు.

నీకు చెప్పక్కర్లేదుగానీ, చెప్పుకుంటే తప్ప నా కడుపుమంట చల్లారదు. 'ర' లోపల చుక్క పెడితే 'ఠ' అవుతుంది. గేటు మీద బోర్డు రాసిన పెయింటరు ఆ చుక్క మరిచిపోయాడు. ఉన్నత పాఠశాల కాస్తా ఉన్నత పారశాల అయి కూర్చుంది. ఆ గేటు లోపల తెలుగు చెప్పిన మాస్టారు మన నాన్న. చుక్క మరిచినవాడికి చుక్కలు చూపించిన మనిషి. ఏ హెడ్మాస్టరు వచ్చినా ముందు ఆ బోర్డు సంగతే చెప్పేవారు. "పై ఆఫీసుకి రాశాం మాస్టారూ" అనేవాళ్లు. రంగు వెలిసినప్పుడల్లా కొత్త పెయింటరు వచ్చి పాత అక్షరాల మీదే భక్తిగా దిద్దిపోయేవాడు. విసుగెత్తి నాన్నే స్టూలు ఎక్కి సుద్దముక్కతో చుక్క పెట్టేవారు. వానొస్తే వాన తుడిచేది. వాన లేని రోజుల్లో ఎవరు తుడిచేవారో నీకు బాగా తెలుసు.

పిల్లలు ఆయన్ని చుక్క మాస్టారు అనేవాళ్లు. ఆయన పైకి నవ్వేవారు. కానీ రిటైరైన రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ నాతో ఒక మాట అన్నారు. "నేను చెప్పిన తెలుగంతా గేటు దగ్గరికొచ్చేసరికి అబద్ధమైపోయేదే అమ్మాయ్." ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

గోడౌను యజమాని ఆ బోర్డుని పాత ఇనుము కింద అమ్మేశాక మన సంఘానికి పౌరుషం వచ్చింది. గేటు పక్కన ఒక రాయి నిలబెట్టాలి, మీద బడి పేరు చెక్కించాలి, అక్కడొక బడి ఉండేదని దారిన పోయేవాళ్లకి తెలియాలి. ఆ మాటకొస్తే మంచి ఆలోచనే. రాయి మీద గుడ్డ లాగేది తెలుగు మాస్టారేనని కూడా అందరూ ఒప్పుకున్నారు. అక్కడితో ఆగారా? ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాయి కొనకముందే గుడ్డ ఏ రంగుదో అని కొట్టుకున్నారు. ముందు వరసలో పాత బ్యాచ్ కూర్చోవాలా, కొత్త బ్యాచ్ కూర్చోవాలా అని ఇంకో గొడవ. మైకు ప్రతి మీటింగులోనూ "క్లుప్తంగా రెండు మాటలు" అంటూ లేచేవాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి పేరు ఎలా చెక్కించాలన్న మాట వచ్చింది. అందులో చర్చేముంటుంది అనుకున్నాను నేను. వెనక నుంచి ఎవరో, "పారశాల అనే చెక్కించండి, లేకపోతే అది మన బడి ఎలా అవుతుంది" అన్నారు. అంతే. అప్పటిదాకా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోనివాళ్లంతా పగలబడి నవ్వారు. ఆ తరవాత మన ఘనమైన సంఘం తీర్మానం చేసింది. నల్లరాయి మీద, చుక్క లేకుండా, పారశాల. బుద్ధి ఉన్నవాళ్లు చేసే పనేనా అది? ఆ రాయి మీది గుడ్డని లాగేది ఎవరో ఒక్కరికైనా గుర్తుండొద్దూ?

నాన్నకి అప్పటికి ఈ సంగతి తెలియదు. రోజూ అన్నం దగ్గర అదే అడిగేవారు.

"చుక్క సంగతి చెక్కేవాడికి చెప్పావా?"

"ఆ, చెప్పాను నాన్నా."

"గీత గీసి వదిలేస్తాడు. గుండ్రంగా రావాలని చెప్పు. లోతుగా కూడా."

నేను కంచంలో ఇంకాస్త చారు పోసేదాన్ని. ఆయన ఉపన్యాసం కూడా రాసుకున్నారు. ఎన్నిసార్లు దిద్దుకున్నారో. ఒక అక్షరం తప్పు దిద్దుకోవడానికి ఒక ఊరికి ఇన్నేళ్లు పట్టినా, చివరికి దిద్దుకుంది, అదే చదువంటే అని మొదలవుతుంది. నాకు చదివి వినిపించి, "బాగుందా?" అని అడిగారు. బాగుందన్నాను. వంటింట్లోకి వెళ్లి, కారుతున్న నీళ్ల కింద గిన్నె మార్చే వంకతో అక్కడే నిలబడిపోయాను.

ఇంతసేపూ సంఘాన్ని తిట్టాను కదా. ఇప్పుడు అసలు సంగతి రాయాలి. ఫోన్‌లో అయితే నువ్వు నవ్వేస్తావు, లేదా తిడతావు, రెండూ భరించలేక ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు చేతులెత్తించారు. చుక్క కావాలన్నవాళ్లు, వద్దన్నవాళ్లు సరిసమానమయ్యారు. నేను రాసుకుంటూ కూర్చున్నాను, చెయ్యెత్తలేదు. "కార్యదర్శి ఎటు?" అన్నాడు మైకు. ఎత్తాను రా. చుక్క వద్దన్నవాళ్ల వైపు ఎత్తాను.

ఎందుకంటే ఏం చెప్పను? ఆ నవ్వు విన్నావా నువ్వు? ఇన్ని మీటింగుల్లో ఆ బడి మనుషులంతా ఒకేసారి నవ్వింది అప్పుడే. ఆ క్షణం నాకు సిమెంటు బస్తాలు కనపడలేదు, ప్రార్థనకి వరసలో నిలబడ్డ మన తలలు కనపడ్డాయి. గేటు మీద ఆ వెర్రి అక్షరం కనపడింది, దాని కింద స్టూలు మీద నాన్న కూడా కనపడ్డారు. చుక్క ఉన్న బడిలో నేను ఒక్కరోజు కూడా చదవలేదు. అది సరైన పేరే, కానీ ఎవరిదో పరాయి బడి పేరులా అనిపించింది. ఇదంతా తరవాత ఆలోచించుకున్నది. చెయ్యి మాత్రం ముందే లేచింది. నాన్న కూతురిని అయ్యుండి ఎత్తాను. అప్పటినుంచీ ఎవరిని చూసినా కోపమే. షాపులో కత్తెర మొద్దుబారినా కోపమే. నా మీద కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక అందరినీ కసురుకుంటున్నాను.

చెప్పేద్దామని రోజూ అనుకుంటూ, గుడ్డ లాగే రోజు దాకా వచ్చేశాను. పోయిన ఆదివారం రాయి దగ్గర కుర్చీలు వేశారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉపన్యాసం జేబులో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. మైకు క్లుప్తంగా రెండు మాటలు మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడో తిరిగి, "ఓట్లు సమానమైతే మా మాస్టారి కూతురే చెయ్యెత్తి మన పాత పేరుని నిలబెట్టింది" అని చప్పట్లు కొట్టించాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. నాన్న వెనక్కి తిరిగి నా వైపు చూశారు.

లేచి వెళ్లి గుడ్డ లాగారు. పారశాల. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఆయన ఆ అక్షరం వైపు చూస్తూ నిలబడ్డారు. చప్పట్లు ఒక్కొక్కటిగా తగ్గాయి. అప్పుడు జేబులోంచి సుద్దముక్క తీసి, మెల్లగా వంగి, ర లోపల చుక్క పెట్టారు. గుండ్రంగా తిప్పి పెట్టారు. సుద్దముక్క మళ్లీ జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఉపన్యాసం తీయనేలేదు. తరగతిలో ఆయన బోర్డు వైపు తిరిగినప్పుడు ఉండే నిశ్శబ్దమే అక్కడా ఉంది. మైకు కూడా చేతిలోని మైకు పక్కన పెట్టేశాడు.

ఇంటికి వచ్చేదారిలో మాట్లాడలేదు. ఆ మర్నాడూ మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నారు, మందులిస్తే వేసుకున్నారు. చుక్క సంగతి అడిగేవారు కదా రోజూ, ఆ అడగడం ఆగిపోయేసరికి ఇల్లు బోసిపోయింది. తప్పయిపోయింది నాన్నా అన్నాను. పేపరు తిప్పారు.

ఇవాళ పొద్దున వాన మొదలైంది. గిన్నె పెడదామని వంటింట్లోకి వెళ్తుంటే పిలిచారు.

"అమ్మాయ్, ఇలా రా. ఆ రోజు ఎత్తిన చెయ్యి ఏది?"

కుడిచెయ్యి చాచాను. ఇంత వయసొచ్చి, బెత్తం దెబ్బకి చాచినట్టే అరచెయ్యి పైకి పెట్టి చాచాను. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి అందులో పెట్టి, నా వేళ్లు మూశారు.

"చుక్క పోయుంటుంది. వెళ్లి పెట్టు. పోయినప్పుడల్లా నువ్వే పెట్టు."

ఏడుపు ఆపుకోవడానికి ఏదో ఒకటి అనాలి కదా, "అప్పట్లో మీ చుక్క తుడిచింది తమ్ముడే నాన్నా" అని నీ గుట్టు చెప్పేశాను. ఆయన, "వాడెప్పుడొస్తాడు సెలవుకి?" అన్నారు.

గొడుగు వేసుకుని వెళ్లాను. పెడుతూ ఉండగానే కరిగిపోతోంది. పెట్టాను, పోయింది, మళ్లీ పెట్టాను. సిమెంటు లారీ డ్రైవరు దిగి, నాకు మతి పోయిందేమోనన్నట్టు చూశాడు. వాన ఇంకా తగ్గలేదు, ఇది ముగించి మళ్లీ వెళ్లాలి. నువ్వు వచ్చేటప్పుడు నాకేమీ తేవద్దు. చెయ్యి చాచడానికి మాత్రం సిద్ధపడి రా.

ఇట్లు,
చేతినిండా సుద్దతో,
నీ అక్క