బందెలదొడ్డిలో నీ గేదె

మంగళవారం, మార్చి 12, 1974

చిరంజీవి తెరేసమ్మకు నాయన దీవించి రాయునది. నేనూ మీ అమ్మా బాగున్నాం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పిల్లవాడూ బాగున్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాం. ఖరగ్‌పూర్‌లో నీళ్లు పడక పిల్లవాడికి దగ్గు వచ్చిందని రాశావు. కాచి చల్లార్చి పట్టమని మీ అమ్మ చెప్పమంది.

ఇక్కడ పొద్దుటి మంచు ఇంకా తగ్గలేదు. బారెడు పొద్దెక్కేదాకా కాలవ గట్టు కనపడటం లేదు. తర్వాత ఎండ చురుక్కుమంటోంది. మినుము పీకటానికి ఇదే మంచి అదను. మంచు తడి మీదే పీకాలి. ఎండెక్కితే కాయ చిట్లి గింజ నేలపాలవుతుంది. అందుకని నేనూ మీ అమ్మా కొన్నాళ్లుగా చీకటితోనే చేలోకి పోతున్నాం. మనం మినుము వేయలేదు కదా, ఎవరి చేలోకి అంటావేమో. దానమ్మ చేలోకి. ఆమెది పోయిన వారమే అయింది. మిగతా నాలుగు కుటుంబాల వాళ్లవీ ఇవాళ్టితో కళ్లాలకు చేరాయి. నడుము పట్టేసింది గానీ కూర్చుని రాయటానికి ఇబ్బంది లేదు.

నువ్వు రెండు సంగతులు అడిగావు. నీ గేదె ఎలా ఉందని ఒకటి. ఊరంతా ఒక మాట మీద ఉంటే నాయన ఒక్కడూ అడ్డం తిరగటం ఏమిటి, జనం ఎన్నుకున్న మనిషి జనం మాట వినాలి కదా అని అల్లుడుగారు అన్నారని రెండోది. గేదె బాగుంది, పూటకు తపేలాడు పాలిస్తోంది. రెండోదానికి జవాబు కొంచెం పొడుగు.

దానమ్మ నీకు తెలుసు. శౌరయ్య భార్య. అతను పోయాక కాలవ చివర ముక్క కౌలుకు చేసుకుంటోంది. ఈ ఏడు ఆ చివరి చేలకు నీళ్లు సరిగా అందలేదు. వరి వెన్ను మీద ఉండగా గాలివాన కొట్టింది. కోస్తే సగం తాలు. కౌలు కొలిచాక ఆమెకు మిగిలింది గడ్డే. అందుకని ఆమె, పక్కన ఇంకో నలుగురు కోతకు ముందే వరిలో మినుము చల్లారు. అది చేతికొస్తేనే వేసవికి వాళ్లకు తిండి. మరో దారి లేదు.

మన ఊరి ఆనవాయితీ నీకు తెలిసిందే. కుప్పలు పడగానే పంచాయతీ చాటింపు వేయిస్తుంది, పశువులను వదిలేస్తారు. అవి వేసవి అంతా చేల మీద తిరిగి మేస్తాయి. ఆ చాటింపు ప్రెసిడెంటు మాట మీద పడాలి. నేను ఈసారి వేయించలేదు. మినుము తీసేదాకా పశువులను కట్టేసుకోవాలని, చేలో పడ్డదాన్ని బందెలదొడ్డికి తోలతారని చాటించాను.

డిసెంబరులో ఊరు పంచాయతీ ఆఫీసు ముందుకు వచ్చింది. వాళ్లు చెప్పింది తప్పని నేను అనను. గాలివానకు గడ్డి కూడా పాడైంది. వాములు సగం ఎత్తు లేవలేదు. మూడు నెలలు పశువులను కట్టేసి మేపాలంటే ఎక్కడి నుంచి తేవాలి? అయిదు ఇళ్ల కోసం ఊరి పశువులన్నీ మాడాలా అన్నారు. అందరికంటే ఎక్కువ మంద పూర్ణచంద్రరావు గారిది. నన్ను ప్రెసిడెంటుగా నిలబెట్టిందీ, మెంబర్లకు చెప్పి గెలిపించిందీ ఆయనే. ఆయన అరవలేదు. అరుగు మీద కూర్చునే అన్నాడు.

"బాలశౌరీ, మేం చేతులెత్తితే ఆ కుర్చీలో కూర్చున్నావు. మా చేతులన్నీ ఇప్పుడు ఒకటే అడుగుతున్నాయి. చాటింపు వేయించు."

"పంచాయతీ రేడియో ఎక్కడ పెట్టాలో మీరంతా చెప్పారండి," అన్నాను. "నాకు ఇష్టం లేకపోయినా మీరన్న చోటే పెట్టాను. రేడియో మనందరిదీ. దానమ్మ చేను మనందరిదీ కాదు. దాన్ని మేపెయ్యమనటానికి మన చేతులు ఎన్ని లేచినా చాలవండి."

అల్లుడుగారికి కూడా నా జవాబు ఇదే. అందరి వస్తువు మీద అందరి మాట చెల్లుతుంది. అక్కడ నా సొంత తెలివి చూపించుకోవటం తప్పు. ఒకరి కంచం ఎత్తేయాలని పదిమంది అంటే, ఆ పదిమందీ నన్ను గెలిపించినవాళ్లే అయినా, నేను వినను. వినేటట్టయితే ప్రెసిడెంటు ఎందుకు, ఎటు తిప్పితే అది పలికే ఆ రేడియో చాలు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఇంతకంటే బాగా చెప్పటం నాకు రాదు.

జనం వెళ్లిపోయారు గానీ మాట ఆగలేదు. మీ అమ్మ బావికాడికి వెళితే ఆడవాళ్లు పక్కకు జరిగేవాళ్లు. పూర్ణచంద్రరావు గారు తన మందను వదులుతాడనీ, ఎవరు తోలతారో చూస్తాననీ కబురు వచ్చింది. బందెలదొడ్డి చూసేది లాజరు. చాటింపు వేసేదీ అతనే. అతని ఇల్లు ఉన్నది ఆయన దొడ్డి పక్కన, తినేది ఆయన చేలో కూలి. ఆయన పశువు మీద చెయ్యి వేసే ధైర్యం అతనికి ఎక్కడిది?

ఇంతలో మన ఇంట్లోనే గొడవ వచ్చిపడింది. ఒక మధ్యాహ్నం అన్నాల వేళ నీ గేదె పలుపు తెంపుకుని దానమ్మ చేలో పడింది. పెళ్లినాడు నీకిచ్చిన గేదె, అంత దూరం తోలుకుపోలేక మా దగ్గర ఉంచావు. దానమ్మ కేక పెట్టింది. నలుగురూ పోగయ్యారు. లాజరు గేదెను చూశాడు, నన్ను చూశాడు, కర్ర కింద పెట్టాడు.

"తోలు," అన్నాను.

"తమరిదేనండి ఇది."

"ఎవరిదైతేనేం, చాటించింది నువ్వే గదా. తోలు."

తోలాడు. ఊరి బజారులోంచి, అందరూ చూస్తుండగా, ప్రెసిడెంటు గేదె బందెలదొడ్డికి పోయింది. జనం నవ్వారు. నవ్వనిది మీ అమ్మ ఒక్కతే. సాయంత్రం తపేలా పట్టుకుని దొడ్డికి వెళ్లి, లాజరు చేత తడిక తీయించి, అక్కడే కూర్చుని పాలు పితుక్కొచ్చింది. రెండు పూటలా నాకు అన్నం పెట్టింది, మాట్లాడలేదు. నేను అందరిలాగే బందె డబ్బులు కట్టి విడిపించుకున్నాను.

ఆ మర్నాడు పూర్ణచంద్రరావు గారి మంద వచ్చింది. లాజరు దాన్నీ తోలాడు. పాలేరు అడ్డం వచ్చి, ఎవరి పశువులో తెలుసా అని గద్దించాడట. "ప్రెసిడెంటు గారి గేదెను తోలినోణ్ణి. ఇప్పుడు మీవి వదిలేస్తే ఆయన ఆడది నన్ను బతకనిస్తదా?" అన్నాడట లాజరు. మీ అమ్మ తపేలా పట్టుకుని వచ్చిన తీరు అతని మనసులో అట్లా నిలిచింది. పూర్ణచంద్రరావు గారు స్వయంగా వచ్చి బందె కట్టి తోలుకుపోయాడు. తర్వాత నా మీద అవిశ్వాస తీర్మానం పెట్టాడు. ఆ మాట నీకు పోయిన ఉత్తరంలో రాయలేదు. పురిటి ఒంటితో ఉన్నావు, దిగులు పడతావని మీ అమ్మ వద్దంది.

మొన్న శనివారం మీటింగు. తాలూకా నుంచి ఆఫీసరు వచ్చాడు. ఊళ్లో సిమెంటు చేసిన నేల పంచాయతీ ఆఫీసు ముందుది ఒక్కటే. గింజలు ఎండబోసుకోవాలంటే అందరూ అక్కడికే వస్తారు. దానమ్మ ఆ పొద్దున్నే తన మినుములు తెచ్చి మెట్ల దాకా పరిచింది. నల్లగా, నిండుగా, గింజకు గింజ. ఆఫీసరు చెప్పులు చేత్తో పట్టుకుని గోడ వారగా నడుస్తూ, ఇవాళే ఎందుకు పోశావమ్మా అని అడిగాడు.

"మీ మీటింగు సంగతి నాకేం తెలుసండి," అంది దానమ్మ. "ఎండ బాగుందని పోశాను."

మెంబర్లు ఒక్కొక్కళ్లే వచ్చారు. అందరూ రైతులే కదా. ఒక్కడూ ఊరికే దాటిపోలేదు. వంగి గుప్పెడు తీసి, ఊది, ఒక గింజ కొరికి చూసి, అప్పుడు మెట్లెక్కారు. నేను లోపల కుర్చీలోంచి చూస్తున్నాను. చివరాఖరి చేలో, తాలు వరి తర్వాత, నీటిచుక్క పెట్టకుండా పండిన పంట అది. దాని గురించి నేను ఒక్క మాట కూడా చెప్పాల్సిన పని లేకపోయింది.

తీర్మానం చదివి, అనుకూలం ఎవరని ఆఫీసరు అడిగాడు. పూర్ణచంద్రరావు గారు చెయ్యెత్తాడు. ఇంకొకరు ఆయన్ను చూసి ఎత్తారు. తక్కిన ఏ చెయ్యీ కదల్లేదు. ఆయన చుట్టూ చూశాడు. చెయ్యి మాత్రం దించలేదు.

"నేను పెట్టిన తీర్మానం. నేనే ఎత్తకపోతే బాగుండదు. రాసుకోండి," అన్నాడు.

బయట జనం ఈలలు వేశారు. రేడియో పెద్దగా పెట్టారు. డిసెంబరులో నన్ను తిట్టినవాళ్లే నన్ను భుజాల మీద ఎత్తుకోబోయారు. నడుము నొప్పని చెప్పి తప్పించుకున్నాను. తెరేసమ్మా, గొప్ప చెప్పుకోవటం నాకు అలవాటు లేదు. కానీ ఆ సాయంత్రం ఊళ్లోంచి ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ మాట నీకు కాక ఇంకెవరికి రాయను?

పూర్ణచంద్రరావు గారు వెళుతూ మెట్ల దగ్గర ఆగి, గింజ నలిపి చూసి, "విత్తనానికి ఏమైనా ఉంచుతావా దానమ్మా?" అన్నాడు.

"ఉంచుతానండి. గేదెల్ని కట్టేసుకునేవాళ్లకి ఇస్తాను."

ఆయన చేతిలోని గింజను మినుముల్లోనే వేసి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఊరంతా వచ్చే ఏడు మినుము వేస్తానంటోంది. ఊరంతా నా వైపు ఉంది. నాకు కొంచెం భయం కూడా అక్కడే. పశువు అన్నది చేల వైపు రాకూడదని, గట్ల మీద మేత కూడా ఆపించమని నిన్ననే పదిమంది వచ్చి అడిగారు. అట్లాగైతే సెంటు భూమి లేని ఏసుపాదం తన రెండు గేదెలను ఎక్కడ మేపాలి? వాటి పాలే అతని జీవనం. కాలవ గట్టు గడ్డి అతనికి ఉండాల్సిందేనని చెప్పి పంపాను. వాళ్ల మొహాలు చూస్తే వచ్చే ఏడు మళ్లీ మీటింగు ఉండేటట్టే ఉంది.

ఇక ఒక సంగతి మిగిలింది. నువ్వు గేదె గురించి అడిగావు కాబట్టి నీకు చెప్పాలి, అది నీది కూడాను. ఆ రోజు అది పలుపు తెంపుకోలేదు. నేనే గుంజ దగ్గర ముడి విప్పి వదిలాను. అది కాలవ గట్టున మామూలుగా వెళ్లే దారిలో వెళ్లి దానమ్మ చేలోకి దిగుతుందని నాకు తెలుసు. ముందు నా పశువును తోలితే తప్ప పూర్ణచంద్రరావు గారి పశువును తోలే ధైర్యం లాజరుకు రాదని అట్లా చేశాను. దానమ్మను ముందుగా అడగలేదు. గట్టు వార కొంత పైరు పాడైంది. మేం సాయం పోయింది అందుకే. ఎవరికీ తెలియదనుకున్నాను. మినుము పీకుతుంటే ఆమె వంచిన తల ఎత్తకుండానే అంది.

"అన్నయ్యా, ఆ రోజు మీ గేదె పలుపు కొస దాకా ఈడ్చుకుంటూ వచ్చింది. ఎక్కడా తెగలేదు. ముడి విప్పుకోటం దానికి ఎవరు నేర్పారు?"

నేను వంగి తర్వాతి మొక్క పీకాను. ఆమె మళ్లీ అడగలేదు. మీ అమ్మ అవతలి గట్టు వార ఉంది, వినలేదు. నువ్వూ ఆమెకు రాయవద్దు. చదువు రాదు కాబట్టి నా ఉత్తరాలు ఆమె చూడదు గానీ నీ ఉత్తరాలు ఫాదరుగారి చేత చదివించుకుంటుంది.

పిల్లవాడికి నా ముద్దులు. అల్లుడుగారికి దీవెనలు. ఆయన నాతో ఒప్పుకోకపోతే ఆ మాట కూడా రాయమను, వింటాను.

ఇట్లు
నీ మంచి కోరే నాయన
బాలశౌరి

తా.క. బుధవారం. చల్లపల్లి బస్సుకు ఇవ్వాలని ఉత్తరం ఆపాను. తెల్లవారగానే, పశువులను వదులుకోవచ్చని లాజరు చాటింపు వేశాడు. మొదట పూర్ణచంద్రరావు గారి మంద చేలలోకి వెళ్లింది. ఆ వెనక ఏసుపాదం రెండు గేదెలు. ఎండెక్కాక మీ అమ్మ నీ గేదె ముడి తనే విప్పింది. అది కాలవ గట్టు మీదుగా వెళ్లిపోయింది.