బీగం వేసిన స్పానర్లు

సింగానల్లూరు,
కార్తీక మాసం, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు కుప్పుస్వామికి అక్క అమ్మణి దీవించి రాసేది. ఇక్కడ అమ్మ, నేను, ఆవు, దూడ అందరమూ బాగుండాము. నువ్వూ బాగుండానని రాసినావు గానీ అక్షరాలు వంకరగా ఉండాయి. జ్వరంలో రాసినావో, ఎవరి చేతనన్నా రాయించినావో నాకేం తెలుసు? నిజం రాయి. మదురై నీళ్ళు నీకు పడవని నేను ముందే చెప్పినాను.

నీ జాబులో మూడు సంగతులు అడిగినావు. పాత ఇనుప అంగళ్ళలో యుద్ధకాలం నాటి మిలిటరీ సామాను చవకగా దొరకతా ఉంది, పోయినవాటికి బదులు కొందునా అన్నావు. మిలిటరీదని ఎవడు చెప్పినాడు? అమ్మేవాడే కదా! వాడు వాళ్ళ అవ్వ అట్లకాడను కూడా మిలిటరీదే అంటాడు. మెరిసేదాన్ని చూసి మురిసిపోకు, గోటితో గీకి చూడు. జోబులో ఒక నట్టు వేసుకొని పో, స్పానర్ నోరు దానికి పట్టించి ఆడించి చూడు. వదులుగా ఉండేది నట్టు మూలలు తినేస్తాదని చెప్పింది నువ్వే. జాకీ అయితే అంగడివాని బండి కిందనే పెట్టి ఎత్తించు. ఎత్తినాక నువ్వు పోయి కాపీ తాగి రా. అప్పటికి దిగిపోయి ఉంటే దండం పెట్టి వచ్చేయి. కారు కింద పడుకునేది నువ్వు, వాడు కాదు.

అసలు ఇప్పుడు ఏమీ కొనొద్దు. ఎందుకో తరువాత చెప్తాను.

రెండోది, సామాను పెట్టడానికి రేకు ట్రంకు మేలా, చెక్క పెట్టె మేలా, గోడకు తగిలించేదే మేలా అని అడిగినావు. దీనికి జవాబు చెప్పే యోగ్యత నాకుందో లేదో మొత్తం చదివి నువ్వే చెప్పు.

నువ్వు మదురైకి పనికి పోయేటప్పుడు ఎట్లుండె? ఇంటి పక్కన కార్లు బాగుచేసే కొట్టాయి వేసి, నువ్వూ ఏసుదాసూ మిల్లు మోటారు షెడ్డులో పనిచేస్తా ఒక్కొక్కటిగా కొన్న సామానంతా ఏసుదాస్ గోడకు మేకులు కొట్టి తగిలించినాడు. ఒక్కొక్కదాని వెనక సున్నంతో దాని ఆకారం గీసినాడు. ఏది లేకపోతే దాని బొమ్మ తెల్లగా కనబడతాదంట. నువ్వు మెచ్చుకున్నావు. నాకు మాత్రం అది నచ్చలేదు. తడికె సందులోనుంచి వీధంతా చూస్తా ఉంది, దొంగలకు బొమ్మల కొలువు పెట్టినట్టుండాది అనుకున్నాను. పాలవాని మీద అనుమానం, చీపుర్లు అమ్మేవాని మీద అనుమానం. వచ్చినోళ్ళంతా ఆ గోడ పక్కే చూస్తా ఉంటే నాకు ఎట్లా నిద్ర పడతాది?

ఆయుధపూజకు అన్నీ దించినాను. ఒక్కొక్కటీ జిడ్డు, నల్లగా, చేతికి అంటుకుంటా ఉంది. సరస్వతి ముందర ఇట్లాంటి మడ్డి పెడతారా అని బూడిదేసి పరపర తోమినాను. వెండిలాగా వచ్చినాయిరా! గంధం, కుంకుమ పెట్టి, పూజ అయినాక మళ్ళీ గోడకు తగిలించలేదు. అటక మీదనుంచి అమ్మ పాత చెక్క పెట్టె దించి, కడిగి, ఎండబెట్టి, అందులో పేర్చి బీగం వేసినాను. తాళంచెవి నా తాళిబొట్టుతో బాటు మెడలో. ఏసుదాస్ చూసి, "పెట్టెలో వద్దక్కా, గోడకే ఉండనీ, నూనె పూసి పెడతాను" అన్నాడు. ఎందుకు వద్దంటా ఉండాడు, వీనికేం లాభం అని ఆ పొద్దునుంచే నన్ను అనుమానం పురుగులాగా తొలిచింది.

ఐప్పసి నెల వానలు నీకు తెలుసు కదా. కార్లు రాలేదు, పెట్టె తెరవలేదు. దీపావళి ముందు ఒక్కసారి ఏసుదాస్ సుత్తి కావాలంటే తాళంచెవి ఇచ్చినాను, చేయి పోనిచ్చి పైనున్న సుత్తి తీసుకొని చెవి అప్పుడే తిరిగి ఇచ్చేసినాడు. వానలు వెలిసినాక కినత్తుకడవు కొబ్బరితోట గౌండర్ మోరిస్ కారు మరమ్మతుకు వచ్చింది. పెట్టె తెరిచినాను. ఓరి దేవుడా! అన్నీ ఎర్రగా, తుప్పు పొడలు పొడలుగా లేచి, చెత్తకుప్పలోనుంచి ఏరినట్టుండాయి. వెండిలాగా పెట్టినవి ఇవెట్లా అవుతాయి? మావి కావు, ఎవరో మార్చినారు అని అరిచినాను. ఏసుదాస్ మొహం పాలిపోయింది. "ఎన్నక్కా ఇదు?", ఇదేందక్కా అని అరవంలో అడిగినాడు. దొంగే అట్లా నటిస్తాడని నాకు ఒళ్ళు మండింది. తాళంచెవి నా మెడ దాటింది వాని చేతికే కదా!

ఇంతవరకు పోయిన కార్డులో రాసినాను. రాయనిది ఒకటుండాది. ఆ పొద్దే నేను మిల్లు కూలీల ఇండ్ల లైనుకు పోయి, వాళ్ళ ఇంటి వాకిట్లో నిలబడి దొంగా అని పిలిచినాను. సామాను చూపించమన్నాను. వాని పెండ్లాం సౌందరం వాళ్ళ ట్రంకు ఈడ్చుకొని వచ్చి వీధిలో పెట్టింది. నేను తెరిపించినాను. దాని పెండ్లి చీర తీసి దులిపినాను తమ్ముడూ, అందరి ముందర. స్పానర్ చీర మడతలో ఉంటాదా? అప్పుడు నాకు ఆ బుద్ధి లేదు. ఏమీ దొరకలేదు. అమ్మేసినట్టుండాడు అని ఇంకొక మాట కూడా అని వచ్చినాను.

దానికి నువ్వు ఏం రాసినావు? సామాను మీద మేమిద్దరం కొట్టుకున్న మూడు చుక్కల గుర్తు చూసినావా అని అడిగినావు. ఏసుదాస్ లేకుంటే కొట్టాయీ లేదు, ఏమీ లేదు, మదురైలోనే నిలిచిపోతానని రాసినావు. చదివి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రక్తం పంచుకున్న అక్క కంటే వాడు ఎక్కువా అనుకుంటానే కిరసనాయిల్ తీసుకొని పెద్ద స్పానర్‌ను రుద్దినాను. తుప్పు కింద మూడు చుక్కలు. ఇంకొకటి రుద్దినాను, మూడు చుక్కలు. మనవేరా. అన్నీ మనవే. ఒక్కటి కూడా తక్కువ లేదు.

అమ్మ వచ్చి చూసి, "ఇవి ఏ పెట్టెలో పెట్టినావే?" అని అడిగింది. అటక మీది పెట్టె అన్నాను. అమ్మ లోపలి పలకను వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంది. "ఓసి పిచ్చిదానా, నీ పెండ్లికి ముందునుంచి ఉప్పేసి దంచిన చింతపండు పెట్టిన పెట్టె కదా ఇది. ఇంకా ఉప్పగానే ఉండాది" అనింది. వానాకాలమంతా ఉప్పు చెమ్మలో పడుకోబెట్టినాను. కాపాడే జిడ్డును కూడా నేనే తోమి పారేసినాను. దొంగ అని వీధిలోని ప్రతి మొహమూ వెతికినాను, నా చేయి తప్ప. నా నోరు మండ! రెండు పూటలు అన్నం దిగలేదు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. ఏసుదాస్ పనికి వస్తా ఉండాడా అని.

పోయినాను. వాళ్ళ ఇంటికి పోయి, నాది తప్పు నాయనా అన్నాను. ఏసుదాస్ కూర్చోమన్నాడు. నీళ్ళిచ్చినాడు. "వీధిలో అన్నదానికి ఇంట్లో సమాధానం చెప్తే ఎట్లక్కా" అన్నాడు, అంతే. గట్టిగా కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండు.

మరునాడు పొద్దున నీళ్ళకొళాయి దగ్గర లైను ఆడవాళ్ళంతా ఉండగా పోయినాను. షిఫ్టు విడిచి మగవాళ్ళు కూడా వస్తా ఉండారు. సౌందరం బిందెతో నిలబడి ఉంది. గొంతెత్తి చెప్పినాను. ఏసుదాస్ ఏమీ తీయలేదు, సామాను నేనే చెడగొట్టి వాని మీద వేసినాను, సౌందరం పెట్టె తెరిపించింది నా అహంకారం అని. చెప్తా ఉండగానే మిల్లు సంగు, ఆ పెద్ద సైరన్, ఊదింది. అది ఊదితే పక్కనోళ్ళ మాటే వినబడదు కదా. నేను చెప్పాల్సింది చెప్పేసినాను, అది ఆగేలోపల అయిపోయింది. ఒక్క క్షణం, ఒప్పుకుంటాను, హమ్మయ్య అనుకున్నాను. కొంగు దులుపుకొని తిరిగినాను. సౌందరం బిందె కింద పెట్టి, "సంగులో ఏమీ వినబడలేదక్కా. ఇంకొక తూరి చెప్పు" అనింది.

మళ్ళీ చెప్పినాను తమ్ముడూ. తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి. ఎవరూ నవ్వలేదు. సౌందరం బిందె నింపుకొని పోయింది.

నిన్న ఏసుదాస్ వచ్చినాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. గౌండర్ మోరిస్ అట్లనే నిలబడి ఉంది కదా, బానెట్ ఎత్తి పనిలో దిగినాడు. అంతకు ముందే నేను, అమ్మ కూర్చొని సామానంతా కిరసనాయిల్‌తో కడిగి, నూనె గుడ్డతో తుడిచి, వాడు గీసిన బొమ్మల మీద ఎక్కడిదక్కడ తగిలించి పెట్టి ఉండాము. అందుకే కొత్తవి కొనొద్దన్నాను. వాడు గోడ వైపు చూడనైనా చూడలేదు. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న రెండు స్పానర్లు సంచిలోనుంచి తీసి, వాటితోనే దినమంతా తంటాలు పడినాడు. నోరు అరిగిన స్పానర్లు, నట్టు మీద జారి వేళ్ళకు తోలు లేచింది. "గోడకు ఉండాయి కదరా నాయనా, అవి నీవి కూడా కదా" అన్నాను. "ఉండనీయక్కా" అన్నాడు. సాయంకాలం తన రెండూ సంచిలో వేసుకొని, వట్టి చేతులు నాకు కనబడేట్టు చాపి దులుపుకొని పోయినాడు.

మదురైలో నిలిచిపోతానని రాయొద్దు. సెలవు పెట్టి రా. నా తరఫున వాదించొద్దు, అక్క మంచిదని కూడా చెప్పొద్దు. నువ్వు వచ్చి గోడమీదనుంచి ఒక స్పానర్ తీసి నీ చేత్తో వానికి ఇయ్యి. నేనిస్తే తీసుకోడు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకొని పెంచిన అక్క,
అమ్మణి.