కుడిచేతి బ్రేకు

నవనీతా బిడ్డా,

నీ స్నేహితురాలు కరుణ ఇవాళ అరకుకు, నీ దగ్గరికి రైలెక్కుతోంది. ఆమె చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్‌లో చెప్పబోయి, తిన్నావా అని అడిగి పెట్టేశాను.

ఎల్లుండి సైకిళ్ల మీద అరకు నుంచి ఘాట్ దిగి, భీమిలి సముద్రం దాకా పోతామన్నావు. విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

ఏడో తరగతిలో మనింటి దగ్గరి యూనివర్సిటీ క్యాంపస్ దిగుడులో ముందు బ్రేకు గట్టిగా నొక్కి, బోర్లా పడి పన్ను విరగ్గొట్టుకున్నావు. ఆ సాయంత్రమే నేను కుడిచేతి వైపుండే ఆ ముందు బ్రేకు వైరు పీకేశాను.

"నాయినా, గీ బ్రేకు పడ్తలేదేంది?" అని నువ్వడిగితే, "సామాను దొరుకుతలేదు బిడ్డా" అని అబద్ధం చెప్పాను. తార్నాక కోచింగ్‌కు కూడా ఆ సైకిల్ మీదే, వెనక బ్రేకుతోనే తిరిగావు.

అంత పొడుగు ఘాట్‌లో వెనక బ్రేకు ఒక్కటే సరిపోదు. కంగారులో అక్కడి సైకిల్ ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కావో, మళ్లీ ఎగిరిపడతావు. బయలుదేరే ముందు చదును రోడ్డు మీద రెండూ కలిపి మెల్లగా నొక్కుతూ అలవాటు చేసుకో. నీ కుడిచేతికి ఆ పని రాకుండా చేసింది నేనే.

సముద్రం చేరాక ఫోన్ చేసి ఎంతైనా తిట్టు. ఆ తిట్ల కోసమే ఎదురుచూస్తుంటాను.

మీ నాయిన