వంటింటి తలుపు ఎటు తెరుచుకుంటుంది?

చెల్లీ,

ఒంట్లో బాగానే ఉంది, మనసే కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇది నాన్నకి చదివి వినిపించు.

పాఠ్యపుస్తకాల్లోని బొమ్మల్ని చూపులేని పిల్లలు తడిమి తెలుసుకునేలా ఉబ్బెత్తు గీతలుగా మార్చడమే కదా నా పని. నిన్న ఒక బల్ల గీశాను. పుస్తకంలో ఉన్నట్టే, దూరాన ఉన్న వెనక కాళ్ళు పొట్టిగా వచ్చాయి. మా దగ్గర బొమ్మలు సరిచూసే ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు. వేళ్ళతో తడిమి, "ఇదేం బల్లండీ? గ్లాసు పెడితే జారి పడదూ?" అంది. అందరం నవ్వాం గానీ, ఆ మాట నన్ను తొలిచేస్తోంది. నాన్న కోసం మనింటి బొమ్మ ఇలాగే చేస్తున్నాను. గీస్తుంటే తెలిసింది, ఆ ఇల్లు నాకు కంటితోనే తెలుసు, చేత్తో తెలియదు.

నాన్నా, వంటింటి తలుపు లోపలికి తెరుచుకుంటుందా, వరండాలోకా? గడప ఎంత ఎత్తు? మెట్ల పక్క గోడకి గరుకు ఎక్కడ మొదలవుతుంది? మీరు తడిమి చెబితేగాని నా బొమ్మ ముందుకు సాగదు.

చెల్లీ, ఇక్కణ్ణుంచి నాన్నకి వినిపించకు. నువ్వే వెళ్ళి చూసి రాసెయ్యకు, నీకసలే తొందరెక్కువ. చూపు పోయాక నాన్న కుర్చీ వదలడం లేదని నువ్వేగా రాశావు. చెయ్యి పట్టుకోకు, వెనకాలే ఉండు. కంటి చుక్కలు ఇంకా వేస్తున్నారా, మానేశారా? పిల్లలకి ముద్దులు.

ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో నాకు బాగానే గుర్తుంది. నాన్న లేచారని ఒక్క ముక్క రాయి, చాలు.

అక్క