పాలే కాపలా

పుంగనూరు,
10-2-1993

మదనపల్లె అన్నపూర్ణమ్మ వదినకు పుంగనూరు రెడ్డెమ్మ దండాలు పెట్టి రాయించేది.

ఈడ అందరూ బాగుండారు. హోటలు బాగా జరుగుతాండాది. నీ మనవరాలు పుట్టి ఏడో నెల. సంగతేమంటే, కాన్పయి ఇన్నాళ్లయినా నీ కూతురు ఒక్కసారి గూడా బయట సేరలేదు. నాకు నలుగురు బిడ్డలకీ మూడో నెల్లోనే ముట్టొచ్చె. మీ ఇంటి ఆడోళ్లకు ఇట్లే లేటా, లేకుంటే నీరజ దాస్తాండాదా? మగబిడ్డ కావాల గదా వదినా. తెలియజేసేది.

ఇట్లు,
రెడ్డెమ్మ (వేలిముద్ర)

తా.క. అమ్మా, నా మీద చాడీలు నా చేతనే రాయిస్తోంది మా అత్త. ఆమెకు చదువు రాదు కాబట్టి, అడ్రసు రాస్తున్నట్టు నటించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా. నెలసరి నిజంగానే రాలేదు. అయినా ఆదివారం నుంచి మూడు రోజులు బయట కూర్చోబోతున్నా. హోటలుకు రోజూ పది శేర్ల దోసెపిండి రుబ్బి రెక్కలు పడిపోయాయి. ముట్టంటే రోలు తాకనివ్వరు గదా! ఇంకో బిడ్డ మాత్రం ఇప్పుడే వద్దమ్మా, దీనికి నడకైనా రానీ. నర్సు లూపు వేస్తానంది, ముట్టు మూడో రోజు రమ్మంది. లేని ముట్టుకు మూడో రోజు ఎక్కడి నుంచి తేను?

మదనపల్లె,
13-2-1993

రెడ్డెమ్మ వదినగారికి అన్నపూర్ణమ్మ నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. మా పిల్ల దాచే రకం కాదు. మా ఇంట్లో ఎవరికైనా కాస్త ఆలస్యమే. మీరు దిగులు పడవద్దు.

ఇట్లు,
మీ అన్నపూర్ణమ్మ

తా.క. నీరజా, ఇది పైకి చదవకు. కూర్చో తల్లీ, మూడు కాదు, నాలుగు రోజులు కూర్చో. నర్సు మాట పట్టించుకోకు, ఆమెకింకా పెళ్లే కాలేదు. బిడ్డ పాలు తాగినంత కాలం కడుపు నిలవదు. పాలే కాపలా. నీకూ మీ తమ్ముడికీ నాలుగేళ్ల ఎడం. నేనేమైనా లూపు వేయించుకున్నానా?

పుంగనూరు,
16-2-1993

వదినకు రెడ్డెమ్మ సంతోషంగా రాయించేది.

నీ కూతురు ఆదివారం బయట సేరింది. వరండాలో సాపేసి కూర్సోబెట్టినా. అంటు తగలకుండా పాపకు గుడ్డలిప్పి పాలకు అందిస్తాండాము. పిండి నేనే రుబ్బితిని, బుజం పోయింది. పోతే పోనీ. కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో ఉండే మావాడికి కబురు పెట్టినా, ఇంక శనివారం ఒకటే గాదు, బుధవారం గూడా ఇంటికి రమ్మని.

ఇట్లు,
రెడ్డెమ్మ (వేలిముద్ర)

తా.క. అమ్మా, అక్షరాలు అలుక్కుపోయి ఉంటే నేను ఏడ్చాననుకోకు. అంటు పోవడానికి అత్త ఈ ఇన్‌లాండు మీద పసుపునీళ్లు చల్లబోతోంది. పెళ్లయ్యాక మొదటిసారి పగటిపూట నిద్రపోయాను. కానీ ఆయన వారానికి రెండుసార్లు వస్తారని నేను అనుకోలేదు. నాకు భయంగా ఉంది.

మదనపల్లె,
19-2-1993

వదినగారికి నమస్కారాలు.

చాలా సంతోషం. భుజానికి వేపనూనె రాయండి. అల్లుడికి బుధవారం సెలవు దొరకడం కష్టమేమో, బలవంతం చేయకండి.

ఇట్లు,
అన్నపూర్ణమ్మ

తా.క. భయం దేనికే పిచ్చిదానా? తెల్లవాయలు బాగా తిను, పాలు పడతాయి. నలుగురు ఆడవాళ్లు చెప్పేది వినక, ఒక నర్సు చెప్పేది వింటావా?

పుంగనూరు,
2-6-1993

వదినకు రెడ్డెమ్మ రాయించేది.

నీ కూతురు గడియారం మాదిరి వదినా. ఇప్పటికి నాలుగుసార్లు బయట సేరింది. నాలుగుసార్లూ ఆదివారమే! ఆ పొద్దే హోటల్లో జనం ఎక్కువ, రోలు కాడ నేనే. ఈ నడుమ దోసె వాసనకే కక్కుతాండాది. పైత్యమేమో, కషాయం ఏందో రాసి పంపు.

ఇట్లు,
రెడ్డెమ్మ (వేలిముద్ర)

తా.క. అమ్మా, ఇది పైత్యం కాదు. నర్సు పొట్ట మీద చెయ్యి పెట్టి నాలుగో నెల అంది. కాన్పయ్యాక ఒక్క చుక్క కూడా కనబడలేదే అన్నాను. మొదటి ముట్టు కనబడకముందే గర్భం నిలవొచ్చమ్మా అంది. ఇంట్లోవాళ్ల లెక్కలో నేను మే తొమ్మిదిన బయట ఉన్నాను. నవంబరులో కాన్పయితే ఆయన వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టరా? అబద్ధం ఒప్పుకుంటే పనిదొంగను, ఒప్పుకోకపోతే ఇంకేదో అంటారు. పాపకు ఇంకా నడక రాలేదు. నీ మాట నమ్మినందుకు నా మీద నాకే కోపంగా ఉంది, నీ మీద అంతకన్నా ఎక్కువగా ఉంది.

పుంగనూరు,
6-6-1993

అన్నపూర్ణమ్మ వదినకు,

ఈ వంకర రాత నాదే. ఎవురూ రాసిపెట్టలేదు. పోయిన ఏడాది నించి మద్యానం హోటలు మూసినాక పెద్దోళ్ల బడికి పోతాండా. నగుతారని ఇంట్లో సెప్పలేదు. నీ కూతురు అడుగున రాసిందంతా సదివి, నేనే జిగురంటించి డబ్బాలో వేస్తి. నీ జవాబులు దాని దిండు కింద తీసి సదివితిని.

ముట్టు అబద్దమని తెలిసే పిండి రుబ్బినా. నాకు మూడో నెల్లో వచ్చె అని రాయించింది గూడా అబద్దమే. రెండోదీ మూడోదీ ముట్టు సూడకనే కడుపున పడె. పాలుంటే భయం లేదని మా అమ్మా నీ మాదిరే సెప్పింది. నర్సు మాట నిజమని నా ఒంటికి తెలుసు. నీరజకు ఒక్క మాట సెప్పింటే సాలు. మనవడు కావాలని నోరు మూసుకుంటి.

నాలుగో నెలని తెలిసి నిన్న మావాడు వేళ్లు మడిసినాడు. ఆయమ్మికి ఒక్కసారీ ముట్టు రాలేదురా, రుబ్బలేక కూర్సుండె, నాకు తెలిసే కూర్సుండె అని సెప్పేస్తిని. వాడు ఏమీ తినకుండా కుప్పం బస్సెక్కినాడు.

ఇట్లు,
రెడ్డెమ్మ

తా.క. నీ ఉత్తరాలు సదివిన సంగతి నీరజకు సెప్పినా. "సదవను వచ్చి గూడా ఏల ఊరుకుంటివి అత్తా?" అని ఒకటే అడిగింది. దానికి జవాబు నీకు దొరికితే పెద్దక్షరాలతో రాయి వదినా, చిన్నవి సదివితే కండ్లు లాగుతాండాయి.