నాలుగింటికి ఆగే కబురు

వదినకు నమస్కారాలు. ఈ మర్యాద మొదటి వాక్యం వరకే.

నా నెట్‌వర్కింగ్ ఎం.టెక్. ప్రాజెక్టు కోసం మనింటి హాల్లో ఒక చిన్న పెట్టె బిగించి వచ్చాను, గుర్తుందిగా? ఇంటర్నెట్ లైను బాగుందో లేదో అది నిమిషానికోసారి నాకు కబురు పంపుతుంది. రోజూ నాలుగింటికి ఆ కబురు ఆగిపోయి, ఐదింటికి మళ్లీ మొదలయ్యేది. సాయంత్రం అందరూ ఒక్కసారే నెట్ మీద పడడం వల్ల ఇలా జరుగుతోందని ఇరవై పేజీలు రాశాను. మా గైడు భుజం కూడా తట్టాడు.

పోయిన నెల అన్నయ్య ఫోన్లో చల్లగా చెప్పాడు: "మీ వదిన నీ పెట్టె ప్లగ్గు పీకేసి, కుట్టు మిషనుది పెట్టుకుంటోందిరా."

నా ఇరవై పేజీలూ ఎవరి గౌనుకో అంచైపోయాయన్నమాట! పీకొద్దని చెబుదామనుకున్నాను. కానీ కబురు ఆగిందంటే నువ్వు మిషను ముందు కూర్చున్నావని తెలిసేది. అందుకే చెప్పలేదు. పేజీలే కొట్టేశాను.

సోమవారం నుంచి నాలుగింటికి కబురు ఆగడం లేదు. అసలు సంగతి తెలియని గైడు లైను బాగుపడిందని సంబరపడుతున్నాడు. నేను మాత్రం అదెప్పుడు ఆగుతుందా అని రోజూ నాలుగింటికి ఎదురుచూస్తున్నాను. అన్నయ్యనడిగితే "అందరం బాగానే ఉన్నాం" అంటాడు. నువ్వేమో ఫోన్లో నవ్వేసి మాట మార్చేస్తావు. అందుకే ఈ ఉత్తరం. నడుం నొప్పి తిరగబెట్టిందా? ఉన్నదున్నట్టు రాయి. డాక్టరుకి చూపించుకో.

తగ్గగానే, నాలుగయ్యేసరికి నా ప్లగ్గు పీకెయ్యి. చదువు సంగతి నేను చూసుకుంటాను.

నీ మరిది