ఎత్తని వేలు

నార్ఫోక్ దీవి,
మన ఇంటి వెనక షెడ్డు నుంచి

సగం కారుకి యజమానివీ, నాకు మాత్రం పూర్తి తండ్రివీ అయిన నాన్నకి,

నీ ఏకైక కూతురు, తత్త్వశాస్త్ర పట్టభద్రురాలు, ప్రస్తుతం నిలువునా గ్రీజు పూసుకున్న ఐలా వ్రాయునది. క్షేమం. ఫోను ఉండగా ఉత్తరమెందుకంటావా? ఫోన్లో పెదనాన్న పేరెత్తగానే నువ్వు టక్కున పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు. విసుక్కుని జేబులో కుక్కుకున్నా, టీ తాగేటప్పుడు మళ్ళీ తీసి చదువుతావు. నీ సంగతి నాకు తెలీదా?

బ్రిస్బేన్ విమానాశ్రయంలో నువ్వు నాకిచ్చిన ఆజ్ఞ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "వెళ్ళి ఆ తుక్కు అమ్మేసి రా. దాంతో ఆ దీవికీ నాకూ లెక్క తెగిపోతుంది." అన్నాక నువ్వు ముక్కు చీదుకున్నావు. జలుబన్నావు. నేను నమ్మాను. కూతుళ్ళు అంతే.

ఇక తుక్కు సంగతి. మీ అమ్మ మీ అన్నదమ్ములిద్దరికీ చెరిసగం అని చెప్పి పోయిన పాత మోరిస్ మైనర్ కారు షెడ్డులో అలాగే ఉంది. వెనక సీట్లో ఒక కోడిపెట్ట పొదుగుతోంది, నన్ను చూసి లేవలేదు. నేల రేకు ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలిపోయింది. డ్రైవరు సీట్లో కూర్చుంటే నా చెప్పులు మట్టికి ఆనుతున్నాయి. ఇది ఎక్కే కారు కాదు నాన్నా, తొడుక్కునే కారు. పోతే, టాపు. వెనక్కి మడిచి ఉందేమో అని వెతికాను. గుడ్డ లేదు, ఊచల చట్రమూ లేదు. నువ్వు దీవి వదిలే ముందు పెదనాన్న విప్పుకుపోయాడని చెప్పావు గానీ, ఎందుకు విప్పుకుపోయాడో ఏనాడూ చెప్పలేదు.

కొనేవాడు మాత్రం అప్పుడే దొరికాడు. సిడ్నీ నుంచి సెలవులకి వచ్చిన పళ్ళ డాక్టరు, పేరు హాలరన్. బానెట్ ఎత్తి నోరు తెరిపించినట్టు లోపలికి తొంగి చూసి, "చిగుళ్ళు బాగున్నాయి," అన్నాడు. ఆయనకి ఒకటే షరతు. టాపు ఉంటేనే కొంటాడట. టాపు లేని కారు స్నానాల తొట్టి అట. ఓడ మీద సిడ్నీ తీసుకుపోతాడట.

కాబట్టి నేను కెటిల్ పెదనాన్న ఇంటికి వెళ్ళాలి. దీవిలో అందరికీ మారుపేర్లే కదా, ఆయన కెటిల్, నువ్వు స్పూన్. ఒక్కటి చెప్పనా? నేను వచ్చినప్పటి నుంచీ రోడ్డు మీద ఎదురైన ప్రతి బండీ నాకు వేలెత్తింది. నన్ను గుర్తుపట్టనివాళ్ళూ ఎత్తారు. ఇక్కడ అంతే కదా, స్టీరింగు మీంచి ఒక్క వేలు లేపితే "బాగున్నావా" అన్నట్టు. ఆవులకి తప్ప అందరికీ ఆ పని ఉంది. ఒక్క ఆకుపచ్చ పికప్ మాత్రం ఎత్తలేదు. రెండుసార్లు ఎదురైంది. రెండుసార్లూ ఆ మనిషి రెండు చేతులూ స్టీరింగుకి అతికించినట్టు పెట్టుకుని వెళ్ళిపోయాడు. నవ్వేద్దామనుకున్నాను, నవ్వు రాలేదు. లోకమంతా వేలెత్తి చూపితే అవమానం. ఈ దీవిలో వేలెత్తకపోతే అవమానం.

అయినా సరే, అమ్మకుండా రాను.

నీ అమ్మకపు ఏజెంటు,
ఐలా

*

మళ్ళీ షెడ్డు నుంచే

జలుబు తగ్గని నాన్నకి,

నేల రేకు కొత్తది వేశాను. వెల్డింగు నేర్చుకున్నాను, కనుబొమలు కొంచెం పోయాయి, పెరుగుతాయట. బ్రేకుల సామాను ఓడలో వచ్చింది గానీ సముద్రం రేగి ఉంటే పడవల్లోకి దించలేక ఓడ దీవి చుట్టూ ప్రదక్షిణలు చేసింది. నేను రేవులో నిలబడి నా బ్రేకులు దూరంగా తిరుగుతుంటే చూస్తూ, మనిషి జీవితంలో ఆగడమంటే ఏమిటని ఆలోచించాను. డిగ్రీ ఊరికే పోలేదు. కోడికి వేరే ఇల్లు ఇచ్చాను. అలిగింది.

ఇక కెటిల్ దర్బారు. గేటు దగ్గర నిలబడ్డాను. పెదనాన్న వరండాలో వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూశాడు. చూసి, ఇంట్లోకి కేకేశాడు.

"రూబీ! గేటు దగ్గర ఎవరో ఉన్నారు. ఏం కావాలో కనుక్కో."

"ఎవరో ఏంటయ్యా, స్పూన్ కూతురు కదా! రావే తల్లీ, అబ్బ, మీ నానమ్మ ముక్కే!" అంటూ పెద్దమ్మ వచ్చింది.

"పెద్దమ్మా, కారు అమ్ముతున్నాం. టాపు చట్రం కావాలి."

"రూబీ, అది నా సగం అని చెప్పు."

"పెద్దమ్మా, ఆ సగం ఎక్కడుందో ఒకసారి చూడొచ్చా అని అడుగు."

"నేనేమన్నా మీ ఇద్దరికీ మధ్య టెలిఫోను ఎక్స్‌ఛేంజీనా?" అంది పెద్దమ్మ. అని నన్ను పెరట్లోకి లాక్కుపోయింది.

నాన్నా, నీ కారు టాపు చట్రం మీద చిక్కుడు పాదు ఉంది. ఊచ ఊచకీ తీగలు. నిండా కాయలు. ఇంత పచ్చటి టాపు లోకంలో ఏ కారుకీ ఉండదు. వెనక నుంచి గొంతు వినబడింది. "రూబీ, కాపు అయ్యేదాకా కుదరదని చెప్పు. అమ్మెయ్యనీ, నాకేం? వాడి పీడ వదులుతుంది. కానీ నా చిక్కుళ్ళ జోలికొస్తే ఊరుకోను."

నేను వాదించలేదు. మర్నాడు వెదురు తెచ్చి ఆ చట్రం పక్కనే చట్రానికి కవల పిల్లలాంటి పందిరి కట్టాను. తర్వాత ఒక్కో తీగా విప్పి, ఒక్క పువ్వు రాలకుండా, ఒక్కో ఊచ నుంచి ఒక్కో వెదురు మీదికి ఎక్కించాను. పెదనాన్న వరండాలోంచి చూస్తూనే ఉన్నాడు, ఒక్క కాయ తెగుతుందేమో, తిడదామని. తెగలేదు. చివరికి, "రూబీ, ఆ అమ్మాయికి ఏమన్నా తినడానికి పెట్టు," అన్నాడు. పెద్దమ్మ అరటిపళ్ళు మెదిపి కాల్చిన పిల్హీ పెట్టింది. నీకు ఒక ముక్క కవరులో పంపుదామనుకున్నాను, పోస్టాఫీసావిడ ఒప్పుకోలేదు.

టాపు గుడ్డ పెద్దమ్మే కుట్టింది. కుడుతూ, మిషను చప్పుడులో చెప్పింది.

"నానమ్మని పూడ్చిన మర్నాడు, మీ నాన్న ఈ కార్లో కింగ్‌స్టన్ వాలు దిగుతున్నాడట. మీ పెదనాన్న పికప్‌లో ఎదురొచ్చాడు. వేలెత్తాడు. మీ నాన్న ఎత్తలేదే. కళ్ళారా చూసి కూడా ఎత్తలేదట. ఆ సాయంత్రమే మీ పెదనాన్న పోయి టాపు విప్పుకొచ్చాడు. ఏంటయ్యా అంటే, 'నా సగం నేను తెచ్చుకున్నా' అన్నాడు. నానమ్మని సిడ్నీ ఆస్పత్రికి పంపొద్దన్నది మీ పెదనాన్నే. ఆవిడే వెళ్ళనంది, నా ఇంట్లోనే పోతానంది. అయినా 'అమ్మని నేనే చంపానని నా తమ్ముడు అనుకుంటున్నాడు' అని మీ పెదనాన్న మనసులో... ఇన్నేళ్ళూ అదే."

ఈ ముక్క నీకు తప్ప దీవిలో అందరికీ తెలుసు. నీకెవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎత్తనివాడికి తెలుసు కదా అనుకున్నారు.

నిజమా నాన్నా? ఎందుకు ఎత్తలేదు? నవ్వుతూ అడగడం లేదు.

నీ
ఐలా

*

కింగ్‌స్టన్ వాలు కింద, రాతిగోడ మీద కూర్చుని

నాన్నా,

నీ పోస్టుకార్డు అందింది. "గుర్తు లేదు. అమ్మెయ్." మూడు మాటలకి అంత పెద్ద స్టాంపు దండగ.

ఇవాళ కారు సిద్ధమైంది. రంగు వేశాను, టాపు బిగించాను. ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. టాపు ముందు అంచుని ఎదుటి అద్దానికి పట్టి ఉంచే కొక్కేలు రెండు కదా. ఎడమది ఉంది. డ్రైవరు వైపుది విరిగిపోయి మొదలు మాత్రమే మిగిలింది. మరో ఓడకి తెప్పిద్దాంలే, ముందు ఒక్క చుట్టు తిప్పి చూద్దాం అనుకున్నాను. ఆకాశం మబ్బుగా ఉంది, టాపు వేసుకునే బయలుదేరాను.

వాలు మొదటి వంపు దాకా రాణీగారిలా వచ్చాను. అక్కడ సముద్రం గాలి తగిలింది. టాపు కుడి మూల గబుక్కున లేచింది. ఎగిరిపోతుందని కుడి చెయ్యి పైకెత్తి గట్టిగా పట్టుకున్నాను. మిగిలింది ఎడమ చెయ్యి. అది స్టీరింగు మీద, ప్రాణాలన్నీ ఆ గుప్పిట్లో. ఇంతలో వానజల్లు. ఎదురుగా ఆకుపచ్చ పికప్.

నాన్నా, ఆ పికప్‌లోంచి వేలు లేచింది.

చిక్కుళ్ళ పుణ్యమో, పందిరి పుణ్యమో, పెదనాన్న మొదటిసారి నాకు వేలెత్తాడు. నేను ఎత్తలేదు. ఎత్తలేకపోయాను. ఆ క్షణంలో ఏ వేలు వదిలినా కారైనా పోయేది, టాపైనా పోయేది. పక్కనుంచి దాటిపోతుంటే ఆయన మొహం చూశాను. అలాంటి మొహం మళ్ళీ చూడను.

వెనక టైర్లు కీచుమన్నాయి. పికప్ తిరిగింది. శ్మశానం దగ్గర నన్ను దాటి అడ్డంగా ఆపాడు. దిగాడు.

"ఏమే! అదే కారు, అదే రోడ్డు, అదే పొగరు! మీ నాన్న నేర్పి పంపించాడా?"

రూబీ పెద్దమ్మ మధ్యలో లేకుండా పెదనాన్న నాతో అన్న మొదటి మాట ఇది.

"చెయ్యి ఖాళీ లేదు పెదనాన్నా."

"ఒక్క వేలే! ఒక్క వేలెత్తడానికి కొండలు మొయ్యాలా?"

"కొండ కాదు, మీ సగం మోస్తున్నా. చూడండి," అని కుడి చెయ్యి వదిలేశాను. టాపు ఫటేలుమని లేచి వెనక్కి పడింది. ఆయన టోపీ ఎగిరిపోయింది. ఆయన దాని వెంట పోలేదు.

దగ్గరికొచ్చి, అద్దం అంచు మీద విరిగిన కొక్కేన్ని వేలితో తడిమాడు.

"ఇదెప్పుడు విరిగింది?"

"నేను వచ్చేసరికే ఇలా ఉంది. విరిగిన చోట కూడా తుప్పు పట్టేసింది, చూడండి. ఇది పాత దెబ్బ. మీరు చట్రం పట్టుకుపోయారు, కొక్కెం అద్దంతో పాటు నాన్న సగంలో ఉండిపోయింది."

పెదనాన్న వానలోనే ఈ రాతిగోడ మీద కూలబడ్డాడు. ఒక ఆవు వచ్చి రోడ్డు మధ్యలో నిలబడితే, అది పోయేదాకా ఇద్దరం దాన్నే చూశాం, ఇక్కడ రోడ్డు మీద మొదటి హక్కు ఆవులదే కదా.

"వాడి చెయ్యి పైకే ఉందే," అన్నాడు చివరికి. "నేను చూశాను. ఆ రోజూ గాలే. నన్ను చూసి తల పట్టుకున్నాడనుకున్నా. ఛీ, వీడా నా అన్న, అని తల పట్టుకున్నాడనుకున్నా."

ఆ తర్వాత ఆయనకీ జలుబు చేసింది. ఈ జలుబు మన వంశంలోనే ఉన్నట్టుంది.

ఆయన వెళ్ళిపోయాడు. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను, కాగితం తడుస్తోంది. ఎందుకు ఎత్తలేదని ఇక అడగను. ఒక్కటే అడుగుతాను. ఆ రోజు టాపుని ఏ చేత్తో పట్టుకున్నావు? అది గుర్తుండే ఉంటుంది. భుజం నొప్పెట్టి ఉంటుంది.

ఐలా

*

షెడ్డు ఖాళీ. పెదనాన్న వరండా నుంచి

ఇక కారు యజమానివి కాని నాన్నకి,

నీ రెండో పోస్టుకార్డు ఒక్క మాటతో వచ్చింది. "కుడి." ఇంత మంచి సాహిత్యం నేను విశ్వవిద్యాలయంలో కూడా చదవలేదు. పెదనాన్నకి ఇచ్చాను. చదివాడు. తిప్పి చూశాడు, వెనక ఏమన్నా ఉందేమో అని. మళ్ళీ చదివాడు. దాన్ని పికప్ అద్దం దగ్గర గుచ్చి పెట్టుకున్నాడు. ఊళ్ళో ఎవరు అడిగినా, "తమ్ముడు రాశాడు," అంటున్నాడు. "ఏం రాశాడు?" అంటే, "అన్నీ రాశాడు," అంటున్నాడు.

ఇక వ్యాపారం. కారు అమ్మకుండా రానని నీకు మాటిచ్చాను. అమ్మాను.

హాలరన్ డాక్టరు ఓడ రోజుకి వచ్చాడు. రేవులో రెండు పడవలు జంటగా కట్టి కారుని వాటి మీద దించాలి కదా, ఆ పడవలు నడిపేది పెదనాన్నే. ఆయన క్రేను కింద చేతులు కట్టుకుని నిలబడి, "నా సగం అమ్మను," అన్నాడు.

"మరి ఈ అమ్మాయి అమ్ముతానంది!" అన్నాడు డాక్టరు.

"దాని సగం అది అమ్ముకోనీ. నీకు ముందు సగం కావాలా, వెనక సగమా?"

డాక్టరు నా వంక చూశాడు. నేను తలవంచుకుని, "క్షమించండి, ఇది పీకడానికి వీల్లేని పన్ను," అన్నాను. మంచి మనిషి, పగలబడి నవ్వాడు. మీ గొడవ తీరాక ఒక రౌండు తిప్పితే చాలన్నాడు. పెద్దమ్మ పెట్టిన పిల్హీ తింటూ ఇప్పుడు నా పక్కనే కూర్చున్నాడు.

నీ సగం పెదనాన్నకే అమ్మాను. బేరం గట్టిగానే చేశాను, నన్ను తక్కువగా అనుకోకు. ధర ఇందులోనే పెట్టాను, కవరు దులిపి చూసుకో. బ్రిస్బేన్ నుంచి నార్ఫోక్‌కి విమానం టికెట్టు. తిరుగు టికెట్టు అడిగాను, కొన్నవాడు ఒప్పుకోలేదు. "అది తర్వాత, వాడు అడిగితే చూద్దాం," అన్నాడు.

నేను కూడా ఇక్కడే ఉండిపోతున్నాను. చెప్పలేదు కదూ? తొడుక్కున్న కారు విప్పలేకపోతున్నాను.

ఇంకొక్క మాట. కొత్త కొక్కెం ఆ ఓడలోనే వచ్చింది. బిగించబోతుంటే పెదనాన్న లాక్కుని చిక్కుడు పందిరికి వేలాడదీశాడు. "వాడొచ్చేదాకా అది అక్కడే ఉంటుంది," అన్నాడు. "మరి టాపు ఎగిరిపోదా?" అన్నాను. ఆయన లెక్క ఇది. నువ్వు నడుపుతావు. ఆయన పక్కన కూర్చుని, నీ మీంచి చెయ్యి చాపి కుడి మూల పట్టుకుంటాడు. అప్పుడు ఇద్దరికీ ఒక్కో చెయ్యి ఖాళీ.

కింగ్‌స్టన్ వాలు మీద ఎవరెదురైనా ఎత్తడానికి.

నీ కూతురు,
ఐలా